భాగం 14: ఓసీడీకి ఎక్స్‌పోజర్ – ప్రతిస్పందన నిరోధ చికిత్స

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• ఓసీడీలోని నిర్బంధ ఆలోచనకూ, నిర్బంధ చర్యకూ ఉన్న తేడాను, వాటి మధ్య సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఈ రుగ్మత ఏళ్ల తరబడి ఎందుకు నిలిచి ఉంటుందో అభ్యసన సూత్రాల ఆధారంగా చెప్పగలుగుతారు.
• ఎక్స్‌పోజర్ – ప్రతిస్పందన నిరోధ చికిత్స ఎలా పుట్టిందో, ఏ దశల్లో సాగుతుందో వర్ణించగలుగుతారు.
• చికిత్స ఫలితాలను, పరిమితులను, అందులో కుటుంబం పాత్రను చర్చించగలుగుతారు.

14.1 పరిచయం

విశ్రాంతి శిక్షణతో భయాన్ని కొద్దికొద్దిగా తగ్గించే వోల్ప్ పద్ధతిని మీరు గత భాగంలో చదివారు. పాము, ఎత్తు, చీకటి వంటి భయాలకు ఆ పద్ధతి బాగా పనిచేసింది. కాని గంటల తరబడి చేతులు కడుక్కునేవారికి, తాళం వేశామో లేదోనని పదిసార్లు వెనక్కి వచ్చి చూసుకునేవారికి దానివల్ల పెద్దగా మేలు జరగలేదు. మనోవిశ్లేషణ ఫలితాలు కూడా అంతంత మాత్రమే. 1960ల మధ్య వరకు ఓసీడీని లొంగని జబ్బుగానే భావించేవారు.

ఈ అభిప్రాయాన్ని మార్చిన చికిత్స ఈ భాగంలోని విషయం. ఇందులోని ప్రధాన సూత్రం వినడానికి చాలా చిన్నది: రోగి భయపడే దానికి ఎదురుగా నిలవాలి, ఆ భయం పోగొట్టుకోవడానికి ఎప్పుడూ చేసే పనిని మాత్రం చేయకూడదు. ఈ రెండో సగమే చికిత్సకు ప్రాణం. అది ఎందుకో అర్థమైతే ఈ భాగం మొత్తం అర్థమైనట్టే.

14.2 ఓసీడీ స్వరూపం

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. ఇందులో రెండు అంశాలుంటాయి.

నిర్బంధ ఆలోచన: వద్దనుకున్నా పదే పదే మనసులోకి చొరబడి, తీవ్రమైన ఆందోళనను, అసహ్యాన్ని కలిగించే ఆలోచన, ఊహ లేదా ప్రేరణ. "నా చేతికి రోగం అంటుకుంది", "గ్యాస్ కట్టేశానా?", "చంటిబిడ్డను నేనే కింద పడేస్తానేమో", దేవుడి పటం ముందు నిలబడగానే వచ్చే అసభ్యమైన ఊహ – ఇవన్నీ ఉదాహరణలు.

నిర్బంధ చర్య: ఆ ఆందోళనను తగ్గించుకోవడానికి చేసి తీరాలనిపించే పని. కడగడం, సరిచూడడం, లెక్కపెట్టడం, వస్తువులను ఒకే వరుసలో పేర్చడం వంటివి పైకి కనిపిస్తాయి. మనసులోనే మంత్రం జపించడం, జరిగినదాన్ని మళ్లీ మళ్లీ నెమరువేసుకోవడం, చెడు ఆలోచనకు విరుగుడుగా మంచి ఆలోచన తెచ్చుకోవడం వంటివి పైకి కనిపించవు. "ఏమీ కాదు కదా?" అని ఇంట్లోవారిని అడిగి ధైర్యం చెప్పించుకోవడం కూడా నిర్బంధ చర్యే.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. చెడు ఆలోచన రావడమే జబ్బు కాదు. రాక్‌మన్, డి సిల్వా 1978లో ప్రచురించిన అధ్యయనంలో ఏ మానసిక రుగ్మతా లేనివారిలో దాదాపు 80 శాతం మంది తమకూ ఇటువంటి ఆలోచనలు వస్తాయని చెప్పారు. వాటిలోని విషయం రోగులకు వచ్చే ఆలోచనలను పోలినదే. సాధారణ వ్యక్తి "ఇదేమిటి, ఇలా అనిపించింది" అనుకుని తన పనిలో పడిపోతాడు. రోగి మాత్రం దాన్ని ప్రమాద సూచనగా, తన స్వభావానికి సాక్ష్యంగా తీసుకుంటాడు. బిడ్డకు హాని చేస్తానేమోనని వణికిపోయే తల్లికి ఆ పని చేయాలన్న కోరిక లేదు. ఆ ఆలోచన తనకు ఏమాత్రం సరిపడనిది కాబట్టే ఆమె అంతగా భయపడుతోంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 ఓసీడీని ఆందోళన రుగ్మతల నుంచి విడదీసి, వేరే అధ్యాయంలో చేర్చింది. ఈ ఆలోచనలు, చర్యలు రోజుకు గంటకు మించి సమయం తినేసినా, లేదా తీవ్రమైన బాధ కలిగించినా, ఉద్యోగాన్నీ కుటుంబ జీవనాన్నీ దెబ్బతీసినా వాటిని రుగ్మతగా పరిగణిస్తారు. తీవ్రతను కొలవడానికి 1989లో వెలువడిన యేల్–బ్రౌన్ మాపనిని ఎక్కువగా వాడతారు. అందులో 10 అంశాలుంటాయి. ఒక్కొక్కదానికి 0 నుంచి 4 వరకు, మొత్తం 40 మార్కులు.

14.3 రుగ్మత ఎందుకు నిలిచి ఉంటుంది?

మౌరర్ ప్రతిపాదించిన రెండు కారకాల సిద్ధాంతం ఇక్కడ ఉపయోగపడుతుంది. భయం పుట్టడానికి ఒక రకమైన అభ్యసన, భయం నిలవడానికి మరో రకమైన అభ్యసన కారణమని ఈ సిద్ధాంతం చెబుతుంది.

మొదటిది, శాస్త్రీయ నిబంధన. హాని లేని వస్తువు ఏదైనా బాధాకరమైన అనుభవంతో ముడిపడి భయాన్ని రేపడం మొదలుపెడుతుంది. రెండోది, కార్యసాధక నిబంధన. ఆ వస్తువుకు దూరంగా జరిగినా, చేతులు కడుక్కున్నా భయం వెంటనే తగ్గుతుంది. బాధ తొలగడం వల్ల ఒక ప్రవర్తన బలపడడాన్ని ఋణాత్మక పునర్బలనం అంటారని మీకు తెలుసు. కడుక్కున్న ప్రతిసారీ కలిగే ఊరట, మళ్లీ కడుక్కోవాలన్న ప్రేరణను మరికొంచెం బలపరుస్తుంది.

మొదటి కారకం విషయంలో ఈ సిద్ధాంతానికి లోపాలున్నాయి. చాలామంది రోగులకు భయం మొదలైన సంఘటన ఏదీ గుర్తుండదు. రెండో కారకానికి మాత్రం బలమైన ఆధారాలున్నాయి.

1953లో సోలొమన్, ఆయన సహచరులు కుక్కలపై చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. సంకేతం రాగానే అడ్డుగోడ దూకితే విద్యుత్ షాక్ తప్పుతుందని కుక్కలు నేర్చుకున్నాయి. తరువాత షాక్ ఇవ్వడం పూర్తిగా మానేశారు. అయినా అవి రోజుల తరబడి దూకుతూనే ఉన్నాయి. దూకకుండా నిలబడితే కదా, షాక్ లేదని తెలిసేది! దూకడమే ఆ విషయం తెలుసుకునే అవకాశాన్ని పోగొట్టింది.

ఓసీడీలో జరిగేదీ ఇదే. రోగి చేతులు కడుక్కున్నాడు, జబ్బు రాలేదు. "కడుక్కున్నాను కాబట్టి రాలేదు" అనుకుంటాడు. కడుక్కోకపోయినా వచ్చేది కాదని తెలుసుకునే సందర్భం అతనికి ఎప్పటికీ రాదు. ఈ చక్రాన్ని ఇలా గుర్తుంచుకోండి:

ఆలోచన → ఆందోళన → నిర్బంధ చర్య → తాత్కాలిక ఊరట → మరింత బలంగా అదే ఆలోచన

భయం వల్ల బాధ కలుగుతుంది. ఊరట వల్ల రుగ్మత బతుకుతుంది. చికిత్స దెబ్బ కొట్టవలసిన చోటు ఆ ఊరటే.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1

1. పైకి కనిపించని నిర్బంధ చర్యలకు రెండు ఉదాహరణలు ఇవ్వండి.
2. ఊరట రుగ్మతను ఎలా బలపరుస్తుంది?

14.4 చికిత్స పుట్టుక

లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేస్తున్న విక్టర్ మేయర్ 1966లో ఇద్దరు రోగులకు చేసిన చికిత్సను ప్రచురించారు. వారిలో ఒకరిది అతిగా కడగడం, శుభ్రం చేయడం. మరొకరిది దైవదూషణతో కూడిన అసభ్య ఊహలు. ఇద్దరూ అంతకుముందు రకరకాల చికిత్సలు పొంది ఫలితం లేక వచ్చినవారే. మేయర్ వారిని ఆసుపత్రిలో ఉంచి, భయపడే పరిస్థితులను ఎదుర్కొనేటట్లు చేసి, నర్సుల పర్యవేక్షణలో నిర్బంధ చర్యలను పూర్తిగా ఆపించారు. అనుకున్న కీడేదీ జరగలేదు. ఇద్దరి పరిస్థితీ ఎంతో మెరుగుపడింది.

తరువాతి దశాబ్దంలో లండన్‌లోనే మాడ్స్‌లీ ఆసుపత్రిలో రాక్‌మన్, హాడ్జ్‌సన్, మార్క్స్ ఈ పద్ధతిని నియంత్రిత ప్రయోగాలతో పరీక్షించారు. 1976లో రాక్‌మన్, డి సిల్వా, రోపర్ ఒక ముఖ్యమైన ప్రశ్న వేసుకున్నారు: నిర్బంధ చర్య చేయకుండా ఊరుకుంటే ఆందోళన ఏమవుతుంది? పెరిగి పెరిగి మనిషి తట్టుకోలేని స్థితికి వస్తుందని రోగులు నమ్ముతారు. ప్రయోగంలో తేలింది వేరు. చర్య చేస్తే ఆందోళన వెంటనే తగ్గింది, నిజమే. చేయకపోయినా తగ్గింది, కాకపోతే కొంత సమయం తీసుకుంది. రోగికి ఇంతవరకు తెలియని విషయం, చికిత్స అతనికి అనుభవపూర్వకంగా నేర్పే విషయం ఇదే.

అప్పటికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా వచ్చింది. మేయర్ కాలంలో ఇతరులు ఆపించేవారు. నేడు రోగి తనంతట తాను ఆపుకుంటాడు. చికిత్సకుడు కారణం వివరిస్తాడు, తోడుంటాడు, కావాలంటే ముందు తాను చేసి చూపిస్తాడు. బలవంతం చేయడు, చెప్పకుండా హఠాత్తుగా ఏదీ చేయించడు.

14.5 చికిత్స దశలు: ఒక ఉదాహరణ

బోధన కోసం కల్పించిన ఒక ఉదాహరణ తీసుకుందాం. 32 ఏళ్ల గృహిణి. ఆసుపత్రి నుంచి, బజారు నుంచి రోగక్రిములు ఇంట్లోకి వచ్చి పిల్లవాడికి హాని జరుగుతుందని భయం. బయటి నుంచి ఎవరు వచ్చినా స్నానం చేసి బట్టలు మార్చుకోనిదే లోపలికి రానివ్వదు. రోజుకు నాలుగు గంటలు కడగడంతోనే సరిపోతుంది. చేతుల చర్మం పగిలిపోయింది.

మొదటి దశ – మదింపు: ఏ పరిస్థితి ఏ ఆలోచనను రేపుతుంది, ఆమె ఏ కీడును శంకిస్తోంది, ఏయే చర్యలు చేస్తోంది, వేటిని తప్పించుకుంటోంది అన్నవి వివరంగా రాసుకుంటారు. కొన్ని రోజులు ఆమే ఒక నోటుబుక్కులో నమోదు చేస్తుంది.

రెండో దశ – వివరణ: 14.3లో చదివిన చక్రాన్ని ఆమె సొంత ఉదాహరణలతోనే గీసి చూపుతారు. చికిత్స ఎందుకు కష్టంగా ఉంటుందో, ఆ కష్టం దేనికోసమో ఆమెకు అర్థం కావాలి. అర్థం కానివారు మధ్యలోనే మానేస్తారు.

మూడో దశ – భయాల నిచ్చెన: ఒక్కో పరిస్థితికి 0 నుంచి 100 వరకు ఆమే మార్కులు వేస్తుంది. 0 అంటే ఏ బాధా లేదు; 100 అంటే ఊహించగలిగినంత బాధ.

• వీధి గేటు గడియ తాకి, చేతులు కడగకుండా ఉండడం – 30
• కూరగాయల సంచిని ఒళ్లో పెట్టుకోవడం – 45
• డబ్బు నోట్లు లెక్కపెట్టి, అదే చేత్తో దుప్పటి సర్దడం – 55
• బస్సులో కడ్డీ పట్టుకుని ప్రయాణించి, ఇంటికి వచ్చి అదే చీరతో కుర్చీలో కూర్చోవడం – 70
• ఆసుపత్రి ఓపీ బెంచీ మీద అరగంట కూర్చోవడం – 85
• ఆసుపత్రి నుంచి వచ్చి నేరుగా పిల్లవాడి బట్టలు మడతపెట్టడం – 95

నాలుగో దశ – ఎక్స్‌పోజర్, నిరోధం: మరీ కష్టం కాని మెట్టుతో మొదలుపెడతారు. నోట్లు లెక్కపెట్టి దుప్పటి సర్దిందనుకోండి. మొదట బాధ 55 నుంచి 65కు పెరగవచ్చు. ఆమె చేతులు కడగదు, కొంగుకు తుడుచుకోదు, మనసులో దేవుణ్ణి తలచుకుని ఆలోచనను తుడిచేయడానికి ప్రయత్నించదు. టీవీ పెట్టుకుని దృష్టి మళ్లించుకోదు కూడా. కొన్ని నిమిషాలకోసారి బాధకు మార్కులు వేస్తూ ఉంటుంది. 65, 60, 50, 35... ఇలా దిగవచ్చు. ఒక్కోసారి అంతగా దిగకపోనూవచ్చు. అప్పుడు కూడా కడగకుండా ఉండగలగడమే ఆనాటి పాఠం. అదే అభ్యాసాన్ని ఇంటివద్ద రోజూ చేస్తుంది. ఆ మెట్టు తేలికపడ్డాక పై మెట్టుకు వెళుతుంది.

ఇందులో ప్రమాదకరమైన పని ఏదీ ఉండదు. అన్నం తినే ముందు, మరుగుదొడ్డి నుంచి వచ్చాక అందరిలాగే సబ్బుతో చేతులు కడుక్కోవచ్చు. మామూలు మనుషులు ఆలోచించకుండా చేసే పనులనే ఆమె ధైర్యంగా చేయడం నేర్చుకుంటోంది.

వాస్తవంలో ఎదుర్కోవడం కుదరని భయాలుంటాయి. "ఇంటికి నిప్పంటుకుని అందుకు నేనే కారణమైతే?" అన్న భయానికి ఇంటికి నిప్పు పెట్టలేం కదా! అటువంటప్పుడు భయపడే సంఘటనను వివరంగా రాయించి, దాన్ని రికార్డు చేసి, రోజూ వినిపిస్తారు. దీనిని ఊహాత్మక ఎక్స్‌పోజర్ అంటారు.

ఐదో దశ – పునరావృత్తి నివారణ: చికిత్స ముగిశాక ఒత్తిడి సమయాల్లో లక్షణాలు మళ్లీ తలెత్తవచ్చు. అప్పుడేం చేయాలో ముందే రాసి పెట్టుకుంటారు.

చికిత్సకుడు గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఒకటుంది. "ఏం ఫర్వాలేదమ్మా, ఏ రోగమూ రాదు, నాదీ హామీ" అని అతడు అనకూడదు. ఆ హామీయే కొత్త ఊరటగా, కొత్త నిర్బంధ చర్యగా మారుతుంది. "వస్తుందో రాదో నూటికి నూరు పాళ్లు ఎవరూ చెప్పలేరు. ఆ అనిశ్చితితోనే మనమంతా బతుకుతున్నాం" అన్నదే సరైన సమాధానం. చికిత్స ఇచ్చేది నిశ్చయం కాదు. నిశ్చయం లేకపోయినా బతకగల శక్తి.

14.6 మార్పు ఎలా వస్తుంది?

ఫోవా, కోజాక్ 1986లో చెప్పిన వివరణ ప్రకారం భయం జ్ఞాపకంలో ఒక నిర్మాణంగా ఉంటుంది. దాన్ని ముందు మేల్కొల్పాలి. అప్పుడే దానికి సరిపడని కొత్త సమాచారం అందులో చేరుతుంది. ఆందోళన క్రమంగా తగ్గడం ఆ మార్పుకు గుర్తు.

తరువాత క్రాస్కే, ఆమె సహచరులు మరో వివరణ ఇచ్చారు. పాత భయం చెరిగిపోదు. "కడగకపోయినా ఏమీ కాలేదు" అన్న కొత్త పాఠం దాని పక్కనే చేరి, దాన్ని అణచి ఉంచుతుంది. అందుకే అభ్యాసాన్ని ఒకే గదిలో, ఒకే మనిషి సమక్షంలో చేస్తే చాలదు. ఇంట్లో, బస్సులో, బంధువుల ఇంట్లో, ఒంటరిగా – వేర్వేరు చోట్ల చేయాలి. ఆందోళన ఎంత తగ్గిందన్న దానికంటే, తాను ఊహించిన కీడుకూ నిజంగా జరిగినదానికీ ఎంత తేడా ఉందో గమనించడం ముఖ్యమని ఈ వివరణ చెబుతుంది.

14.7 ఫలితాలు – పరిమితులు

ఫోవా, ఆమె సహచరులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో 122 మంది పెద్దలు పాల్గొన్నారు. 12 వారాల తరువాత, చికిత్స మొదలుపెట్టిన వారందరినీ లెక్కలోకి తీసుకుంటే మెరుగైనవారి శాతం ఇలా ఉంది: ఎక్స్‌పోజర్ – ప్రతిస్పందన నిరోధం 62, క్లోమిప్రమిన్ మందు 42, రెండూ కలిపి 70, ఉత్తుత్తి మాత్ర 8. మధ్యలో మానకుండా పూర్తి చేసినవారిని మాత్రమే లెక్కిస్తే మొదటి వర్గంలో 86 శాతం మందికి మేలు జరిగింది.

62కూ 86కూ మధ్య ఉన్న ఈ తేడాను శ్రద్ధగా గమనించండి. చికిత్స పూర్తి చేయగలిగినవారికి ఫలితం ఎక్కువ. అయితే మొదలుపెట్టిన అందరూ పూర్తి చేయలేరు. భయాన్ని ఎదుర్కోవాలని వినగానే వెనకాడేవారూ ఉంటారు. మేలు జరగడమంటే లక్షణాలు పూర్తిగా పోవడం అని కూడా కాదు. చాలామందిలో కొంత మిగులుతుంది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నప్పుడు ముందుగా దానికి చికిత్స అవసరం కావచ్చు. ఫ్లువోక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందులు కూడా ఓసీడీకి ఉపయోగపడతాయి. వాటిని మొదలుపెట్టడం, ఆపడం మానసిక వైద్యుల సలహా మీదే జరగాలి.

మన దేశంలో పెద్ద పరిమితి శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టుల కొరత. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. కాని జిల్లా కేంద్రాల్లో మందు దొరికినంత సులువుగా ఈ చికిత్స దొరకదు.

14.8 కుటుంబం, ఆచారం

మన ఇళ్లలో ఓసీడీ ఒక్కరి జబ్బుగా మిగలదు. భార్య మాటకు భర్త పెరట్లోనే కాళ్లు కడుక్కుని వస్తాడు; తల్లి అడిగినన్నిసార్లు కూతురు "గ్యాస్ కట్టేశానమ్మా" అంటుంది. ఇదంతా ప్రేమతో, ఇంట్లో గొడవ లేకుండా ఉండాలని చేసేదే. కాని 14.3లోని చక్రంలో చూస్తే ఇది కూడా ఊరటను అందించడమే. దీనిని కుటుంబ సర్దుబాటు అంటారు. అలాగని ఒక్కసారిగా మానేసి, తిట్టి, నీళ్లు కట్టేయడం చికిత్స కాదు, హింస. రోగి ఒప్పుకోలుతో, నిచ్చెన ప్రకారమే కుటుంబం కూడా ఒక్కొక్కటిగా తగ్గించుకోవాలి. "అడిగితే నేను జవాబు చెప్పను, కాని నీ పక్కనే కూర్చుంటాను" అనే మాట తల్లికి కూతురు ఇవ్వగల మంచి సహాయం.

మడి, మైల, శౌచం వంటి ఆచారాలున్న ఇంట్లో రుగ్మతను గుర్తించడం ఆలస్యమవుతుంది. "ఆవిడకు పట్టింపు ఎక్కువ", "చాదస్తం" అని సరిపెట్టుకుంటారు. తేడా తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి. అదే ఆచారం పాటించే ఇతరులు చేసేదానికి ఇది మించిపోయిందా? ఆచారానికి ఒక ముగింపు ఉంటుంది – తడిబట్ట ఆరేసి మడి కట్టుకుంటే అయిపోతుంది. ఇక్కడ అలా ముగుస్తోందా? చేశాక తృప్తి కలుగుతోందా, అనుమానం మిగులుతోందా?

చికిత్స ఎవరి విశ్వాసాన్నీ భంగపరచదు. మడి కట్టుకునేవారిని మడి మానమని చెప్పదు. పదిసార్లు కాక ఒకసారే కట్టుకోమంటుంది. దైవదూషణ ఊహలు వచ్చే వ్యక్తిని దేవుణ్ణి తిట్టమనదు. ఆ ఊహ వచ్చినప్పుడు లెంపలు వేసుకోకుండా, పూజ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, ముందుకు సాగమంటుంది. సందేహం ఉంటే ఆ సంప్రదాయం తెలిసిన పెద్దల సలహా తీసుకోవచ్చు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2

1. చికిత్సకుడు రోగికి హామీ ఎందుకు ఇవ్వకూడదు?
2. కుటుంబ సర్దుబాటు అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.

14.9 సారాంశం

ఓసీడీలో ఆందోళన కలిగించే ఆలోచన, దాన్ని తగ్గించే చర్య ఒక చక్రంగా తిరుగుతాయి. చర్య ఇచ్చే తాత్కాలిక ఊరటే రుగ్మతను నిలబెడుతుంది. 1966లో మేయర్ ప్రారంభించిన చికిత్స, ఆలోచనను ఆపడానికి ప్రయత్నించదు. ఊరట కోసం చేసే చర్యను ఆపుతుంది. అందువల్ల ఎక్స్‌పోజర్ ఒక్కటే చాలదు: ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని వచ్చి గంటసేపు స్నానం చేస్తే కూర్చున్న ఫలితం నీళ్లలో కొట్టుకుపోతుంది. నిరోధం ఒక్కటీ చాలదు: భయపడే చోటుకే వెళ్లకపోతే నేర్చుకోవలసినది నేర్చుకోలేం. రెండూ కలిసినప్పుడే ఫలితం ఉంటుంది.

ఈ భాగం చదివినంత మాత్రాన చికిత్స చేసే అర్హత రాదు. మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగునగాని ఎవరైనా ఈ బాధ పడుతున్నట్లు గమనిస్తే, వెక్కిరించకుండా, ఇది చికిత్స ఉన్న రుగ్మత అని చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోను చేయమనండి, లేదా దగ్గరలోని మానసిక వైద్యుల వద్దకు తోడుగా వెళ్లండి. ఏళ్ల తరబడి సిగ్గుతో దాచుకున్న జబ్బు గురించి నోరు విప్పడమే చాలామందికి నిచ్చెనలో మొదటి మెట్టు.

14.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎక్స్‌పోజర్ – ప్రతిస్పందన నిరోధ చికిత్సలోని దశలను తగిన ఉదాహరణతో వివరించండి.
2. ఓసీడీ నిలిచి ఉండడానికి కారణాలను రెండు కారకాల సిద్ధాంతం ఆధారంగా చర్చించండి. ఆ సిద్ధాంతంలోని లోపం ఏమిటి?

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. భయాల నిచ్చెన అంటే ఏమిటి? సరిచూసుకునే అలవాటున్న వ్యక్తికి ఆరు మెట్ల నిచ్చెన తయారు చేయండి.
2. 2005 నాటి ప్రయోగంలో 62 శాతం, 86 శాతం అనే రెండు అంకెలు ఎందుకు వచ్చాయి?
3. ఆచారానికీ నిర్బంధ చర్యకూ గల తేడాలను రాయండి.